పెళ్లి గాజుల పొడుపుకథ

“అక్కా, గాజుల ఖాలా పోయింది” అని మొన్న పొద్దున్నే మా తమ్ముడు సైకిల్ మీద వచ్చి చెప్పాడు. ఖాలా అంటే పిన్ని, మాకు గాజులు తొడిగే ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్లం. జహనుమాలో మా పుట్టింటి గల్లీ ఆడవాళ్ల చేతులన్నీ ఎరిగిన మనిషి. నాది మరీ మొండి చెయ్యి అనేది.

గాజుల మలారం దించి అరుగు మీద కూర్చుందంటే ముందు గాజు తీసేది కాదు, పొడుపుకథ తీసేది. “కాళ్లు లేవు, గల్లీ అంతా తిరుగుతది. నోరు లేదు, ఇంటింట్ల లొల్లి పెడతది. ఏంది బేటీ?” గాలా, పుకారా అని మేం కొట్లాడుకుంటుంటే, బొటనవేలు లోపలికి మడిచి గాజు ఎక్కించేసేది. “దిమాగ్ పనిల ఉంటే చెయ్యి సతాయించదు” అనేది. పిల్లలకు సూదిమందు వేయించేటప్పుడు నాకూ ఆ మాటే పనికొచ్చింది.

నా పెళ్లికి గాజులు తొడిగే రోజు మా అమ్మకు ఒకటే గుబులు. “ఒక్కటి గూడ పగలొద్దు, జర చూస్కో” అని పదిసార్లు చెప్పింది. అది వినీ వినీ నా చెయ్యి కట్టెలా బిగుసుకుంది. ఖాలా నా ముఖం చూసి అడిగింది.

“పుట్టింట్ల ఉంటే ఒక్కటి, అత్తింటికి పోతే రెండు, మల్ల పుట్టింటికొస్తే మూడు. ఏంది బేటీ?”

నేను ఆలోచనలో పడ్డాను. అమ్మ కూడా గుబులు మరిచి ఆలోచించింది. తేరుకునేసరికి రెండు చేతుల నిండా పచ్చగాజులు. ఒక్కటీ చిట్లలేదు.

“జవాబేంది ఖాలా?”

“సోచో, మంచిగ ఆలోచించు. పుట్టింటికొచ్చినప్పుడు చెప్పు.”

మా అత్తగారిల్లు కిషన్‌బాగ్‌లో. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒక జవాబు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. పెట్టెలన్నాను, చీరలన్నాను, పిల్లలన్నాను. మా ఆయన చెప్పిన జవాబు కూడా మోసుకెళ్లాను, కోపాలట. “అది మగోళ్ల జవాబు” అని పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రతిసారీ కాదనేది, చాయ్ పోసేది. కొత్తలో అత్తింట్లో దిగులేసిన రోజుల్లో ఆ జవాబు వెతుక్కోవడమే నాకు తోడైంది.

పోయిన చలికాలం మంచాన పడిందంటే చూడబోయాను. “ఇగనన్న చెప్పు ఖాలా” అని బతిమాలాను.

“ఉంటే గద చెప్పేది! నీ చెయ్యి బిగుసుకుపోయిందని గప్పుడే అల్లిన. మల్ల నువ్వు జవాబులు పట్కొని రావట్టినవ్. లేదని చెప్తే వస్తవో రావో అని ఊకున్న, బేటీ.”

ఇన్నేళ్లు తిప్పించుకున్నందుకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

నిన్న మా చిన్నకూతురికి గాజులు తొడగబోయాను. దానికీ నా చెయ్యే వచ్చింది, పిడికిలి విప్పదు. “పుట్టింట్ల ఉంటే ఒక్కటి...” అని మొదలుపెట్టాను.

వేళ్లు సడలాయి. గాజు మణికట్టు మీదికి జారింది. పిల్ల అది చూసుకోనేలేదు, కళ్లు పైకెత్తి ఇంకా ఆలోచిస్తూనే ఉంది.