బొంతపాలైన హార్లన్ రిబ్బన్లు

చర్చి హాల్లో గోడకి వేలాడుతున్న బొంతను చూడగానే లూవెల్లాకి ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. బొంత నిండా ఆమె మొగుడి రిబ్బన్లే.

హార్లన్ పోయి నెల తిరగలేదు. మొక్కజొన్న గిడ్డంగిలో పనిచేసేవాడు; పని దిగాక మిగిలిన బతుకంతా తమ ఇండియానా రాష్ట్రపు పాత ఎన్నికల రిబ్బన్లకే ఇచ్చాడు. నూరేళ్ళ కిందట ఊరేగింపుల్లో జనం గుండెల మీద గుచ్చుకున్న పట్టు ముక్కలవి. ఏ పార్టీ, ఎవడు గెలిచాడు అన్నది అతనికి అక్కర్లేదు. ఇండియానాది కావాలి, అంతే. ఒకసారి ఎవరో పక్క రాష్ట్రం ఒహాయో రిబ్బన్ ఊరికే ఇస్తామంటే, "పక్కింటివాడి పెళ్ళి ఫోటో నాకెందుకయ్యా?" అన్నాడు.

వాటిలో చాలామట్టుకు పాత బొంతల్లో దొరికినవే. ఎన్నికలైపోయాక ఆ కాలపు ఆడవాళ్ళు రిబ్బన్లను బొంతల్లో అతుకులుగా వేసేవారు. హార్లన్ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కో కుట్టూ విప్పి వాటిని బయటికి తీసేవాడు. పట్టు పెళుసెక్కిపోయి ఉండేది, మడత పడితే విరిగేది. పిన్ను గుచ్చిన చిల్లు కనబడితే మాత్రం మురిసిపోయేవాడు. "చూడు లూ, ఎవడో దీన్ని నిజంగా పెట్టుకు తిరిగాడు."

అందరూ చూసేలా కోర్టు భవనంలో వాటికో గాజు బీరువా ఇస్తామన్నారు. ఈలోగా ఇంటి కప్పు కారుతోందని లూవెల్లా వాటిని ఆడబిడ్డ ఆర్డిత్ ఇంట్లో దాచింది.

ఆ ఆర్డితే ఇప్పుడు నవ్వుతూ ఎదురొచ్చింది. "పోయినవాళ్ళ చొక్కాలతో బొంత కుడతాం కదా లూ. మావాడికి చొక్కాల కన్నా ఇవే ఇష్టమని..."

"నిన్నెవరు కుట్టమన్నారు?"

"నీకు చెప్పకుండా చేసి సంతోషపెడదామని."

"సంతోషమా! ఆయన బొంతల్లోంచి విడిపించినవాటిని మళ్ళీ బొంతలో బిగించావు. చిల్లులేవి?"

"పూడ్చేశాను, సన్న దారంతో. కనబడుతున్నాయా?" అంది ఆర్డిత్, కాస్త గర్వంగానే.

"నీ పనితనం తగలెయ్య!"

"మెల్లగా మాట్లాడు లూ. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆయన చేసిందేదీ నువ్వు చూడలేదు. వాళ్ళైనా చూడనీ."

లూవెల్లా కుర్చీ ఎక్కి బొంతను దింపింది. పాస్టరు సాయం పట్టి మడవబోతే, "మడవకండి, చుట్టండి!" అని అరిచింది.

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద పరిచి, అంచునున్న రిబ్బన్ కుట్లు చిన్న కత్తెరతో విప్పబోయింది. పట్టు నిలువునా చీలింది. కత్తెర పడేసి ఫోన్ అందుకుంది.

"ఆర్డిత్, కళ్ళజోడు పెట్టుకుని రా. రేపు కాదు, ఇప్పుడే. కుట్టిందానివి నువ్వే విప్పు."

"చిరిగిపోతాయే లూ."

"చిరగనీ. ఒక్కోటీ చిరుగుతుంటే అది ఆయనకెక్కడ దొరికిందో, విప్పడానికెంత అవస్థపడ్డాడో నేను చెబుతుంటాను. నువ్వు విను."

ఫోన్ పెట్టేసి, బల్లకి అటువైపు ఇంకో కుర్చీ లాగి వేసింది.