సర్కారు మొక్కలు, మిల్లు ఊక

డెబ్బైల చివర వర్ధన్నపేట దగ్గర రోడ్డు పొడుగునా సర్కారు మొక్కలు నాటించింది. వాటికి కాపలా మా నాయిన. అది పర్మినెంటు కొలువు కాదు. ఎండాకాలం దాటి మొక్కలు బతికితేనే నాయినకు పని ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మొదటి ఏడాది మొక్కల చుట్టూ కట్టిన వెదురు తడికెలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తడికె పోయిన చోటల్లా మేకలు మేసిపోయాయి.

నాయిన తడికెల దొంగ కోసం ఊరంతా వెతికాడు, మా పొయ్యి దగ్గర తప్ప. ఒకరోజు అన్నం తింటూ తల తిప్పితే పొయ్యిలో సగం కాలిన తడికె కనిపించింది.

"గిదేందే?"

"నీ సర్కారు తడికెనే. పొయ్యిలకు కట్టెలు నువ్వు తెత్తానవా?" అంది అమ్మ నెమ్మదిగా.

నాయిన కోపంగా పళ్లెం అవతలికి నెట్టాడు. ఆకలికి ఆగలేక మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ అది నవ్వే సంగతి కాదు. చుట్టుపక్కల గుట్టలన్నీ అప్పటికే బోడివైపోయాయి. కట్టెలకని పొద్దున పోయిన అమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చేది. ఆ ఏడాది మొక్కలు చాలావరకు చచ్చాయి. మళ్లీ నాటిస్తాం, ఈసారీ పోతే నీ పని పోయినట్టే అని మొక్కల పని చూసే సర్కారు సారు నాయినకు చెప్పి వెళ్లాడు.

ఆలోగా ఊళ్లో బావులకు కరెంటు మోటార్లు బిగించారు. వరి పెరిగింది, వరి వెనకే మిల్లు వచ్చింది. మిల్లు పక్కన ఊక కుప్పలు పడ్డాయి, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. అమ్మ ఒక పాత రేకు డబ్బాకు కింద బొక్క పెట్టించింది. నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, రోకలి మెల్లగా పైకి లాగి, కింద నుంచి అంటించేది. అన్నం, కూర రెండూ అయ్యేదాకా మండేది. చూస్తుండగానే వాడకట్టంతా ఊకపొయ్యిలు వెలిశాయి. ఇక తడికెల జోలికి ఎవరూ పోలేదు.

ఆ ఎండాకాలం మొక్కలు బతికాయి. సారు జీపు దిగి చూసి నాయిన కాపలాను తెగ మెచ్చుకున్నాడు. నాయిన కాదనలేదు సరికదా, మీసం కూడా దువ్వుకున్నాడు. మాకూ గర్వంగానే ఉంది. సర్కారు పైసలు పెట్టింది నిజం, నాయిన ఎండలో తిరిగిందీ నిజం.

తొర్రూరు దిక్కు ఇంకో ఊళ్లో కూడా మొక్కలు పెడతారని, ఆ కాపలా కూడా తనకే ఇస్తామన్నారని నాయిన సంబరంగా చెప్పాడు. అమ్మ ఊక కూరుతూనే అడిగింది.

"ఆ ఊళ్లె మిల్లున్నదా?"



"రేపు పోయి చూసొత్త" అన్నాడు నాయిన.