నొక్కి చూసిన చెయ్యి

నా పనే అనుమానం. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వ్యాగన్ చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం నా ఉద్యోగం. నాకంటే ముందు చూసినవాడు సుద్దముక్కతో ‘ఠీక్ హై’ అని రాసిపోయినా నేను మళ్ళీ కొట్టి చూస్తాను. ఇంట్లోనూ అంతే. పాలవాడి దగ్గర్నుంచి మా చర్చి పాస్టరుగారి దాకా ఎవరి మాటా ఒక్కసారికి నమ్మిన పాపాన పోలేదు.

మా అమ్మాయికి మూడేళ్ళు నిండిన కొత్తలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా క్వార్టరు పెరట్లో మా అమ్మ దానికి నూనె రాస్తుంటే ఎడమ డొక్కలో గట్టిగా ఏదో తగిలింది.

"ఒరే, గుంటకి కడుపులో బల్ల పెరిగిందిరా. ఆవదం రాసి తోమితే దిగిపోద్ది," అంది.

మా పెద్దవాళ్ళకు పిల్లల కడుపు ఉబ్బితే అది బల్లే, దానికి మందు ఆముదమే. పది రోజులు తోమింది. పదకొండో రోజు పిల్ల ఉచ్చ ఎర్రగా వచ్చింది.

రైల్వే ఆసుపత్రివాళ్ళు స్కానింగ్ తీసి కలకత్తా పంపారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే బెంగాలీ ఆవిడ. ఇది కిడ్నీలో వచ్చే క్యాన్సర్ అనీ, చిన్నపిల్లలకే వస్తుందనీ, వైద్యం మధ్యలో వదిలెయ్యకపోతే చాలామందికి నయమవుతుందనీ చెప్పింది. ముందు కొన్ని వారాలు మందు ఎక్కించి గడ్డను తగ్గిస్తారట, తర్వాత కిడ్నీతో సహా తీసేస్తారట. చివర్న వేలు చూపించి మరీ చెప్పింది, కడుపు మీద ఎవరూ నొక్కకూడదని. గడ్డ పైపొర చీలితే లోపలి జబ్బు కడుపంతా పాకుతుందట.

నాకు ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. నయమయ్యేదైతే కిడ్నీ తీయడం దేనికి? కిడ్నీలు అమ్ముకునేవాళ్ళ కథలు టీ కొట్టు దగ్గర ఎన్ని వినలేదు? మందుతో తగ్గుతుందనేదీ ఆవిడే, నొక్కి చూడొద్దనేదీ ఆవిడే. తగ్గిందో లేదో మనకు తెలియకుండా ఉండటానికే ఈ ఏర్పాటంతా అనిపించింది.

అయినా ఇంట్లో కాపలా మాత్రం గట్టిగా కాశాను. ఆముదం సీసా అటకెక్కించాను. గురువారం ఇంటి ప్రార్థనకు వచ్చిన చర్చి ఆడవాళ్ళు, అలవాటు ప్రకారం నూనె రాసుకున్న అరచేతులు పిల్ల కడుపు మీద పెట్టబోతే అడ్డం పడ్డాను.

"తల మీద ఎయ్యండి సెయ్యి. కడుపు ముట్టుకోడానికి నేదు," అన్నాను. వాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారు. మా అమ్మ పిల్ల పక్కన కూర్చుంటే ఆవిడ చేతులు ఎక్కడున్నాయో ఓ కంట కనిపెట్టేవాణ్ణి.

నా చేతుల్ని ఎవరు కనిపెడతారు? పొద్దున పిల్లకు స్నానం నేనే చేయించేవాణ్ణి. సబ్బు రాస్తూ నాలుగు వేళ్ళూ డొక్కలోకి దించి, గడ్డ అంచు ఎక్కడుందో వెతికేవాణ్ణి. రోజూ.

"నొప్పి, నాన్నా," అనేది.

"అయిపోనాది, అయిపోనాది," అనేవాణ్ణి.

అంచు నిజంగానే వెనక్కి పోతోంది. సంతోషించాల్సింది పోయి, తగ్గిపోతున్నదానికి కోత ఎందుకని కొత్త అనుమానం పట్టుకుంది. మా ఊరి పక్కనే సాలువా వైపు కుటుంబం ఒకటి అలాగే అనుకుని మందు మానేసి వెళ్ళిపోయిందని వార్డులో చెప్పుకున్నారు. వాళ్ళే తెలివైనవాళ్ళనుకున్నాను. మా ఆవిడ ఏడ్చి గోల చేయకపోతే నేనూ పిల్లను ఇంటికి తెచ్చేసేవాణ్ణే.

తీసిన గడ్డను నా కళ్ళకు చూపించాలని ముందే పట్టుబట్టాను. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ నన్నూ, మా ఆవిడనీ, మా అమ్మనీ పిలిచి ట్రే చూపించింది. గడ్డ పైపొర మీద ఒకచోట చీలిక. పగుళ్ళు వెతికే కళ్ళు కదా, ఆవిడ చూపించకముందే చూశాను. అది కోతలో పడింది కాదట, ముందే ఉందట.

ఎవరైనా నొక్కారా అని హిందీలో అడిగింది. దానంతట అదే చీలి ఉండవచ్చు, చెప్పలేమని కూడా తనే అంది. చీలింది కాబట్టి ఇక రేడియేషన్ కరెంటు పెట్టాలట, మందు ఇంకా నెలల తరబడి ఎక్కించాలట.

మా ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది. "అత్తా, మళ్ళీ ఆవదం తోమినావా?"

"ఏసయ్య తోడు, నాను ముట్టనేదే," అంది మా అమ్మ.

 నేనూ అనుమానంగా మా అమ్మ వైపే చూశాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత మా ఆవిడ పిల్లను నాన్నమ్మ దగ్గర ఒంటరిగా వదల్లేదు. మా అమ్మ పెరటి మెట్టు మీద దూరంగా కూర్చునేది. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

మందు పూర్తయి, పిల్ల తల మీద నూగు జుట్టు మొలుస్తున్న రోజులు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ పిల్లకు తనే స్నానం చేయిస్తున్న మా ఆవిడ, ఒక ఆదివారం చర్చికి తయారవుతూ నా చేతికి చెంబు ఇచ్చి, "ఇయ్యాల మీరు నీళ్ళు పొయ్యండి," అంది. నేను సబ్బు తీసుకోగానే పిల్ల రెండు చేతులూ డొక్కకు అడ్డం పెట్టుకుంది.

"తియ్యమ్మా," అన్నాను.

"నువ్వొద్దు. మామ్మ పోస్తాది. మామ్మ నొక్కదు."

మా ఆవిడ తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"సిన్నగుంట, దానికేటి తెలుసు," అంది మా అమ్మ మెట్టు మీద నుంచి. అప్పుడు అర్థమైంది, మా అమ్మకు నా సంగతి ఎప్పుడో తెలుసు.

"నానే నొక్కినాను," అన్నాను. "రోజూ."

మా ఆవిడ చెంబు నా చేతిలోంచి తీసుకుని మా అమ్మ చేతికిచ్చింది.

ఇప్పుడు పిల్లకు తొమ్మిదేళ్ళు. మొన్నటి స్కానింగ్‌లోనూ ఏమీ లేదన్నారు. ఆ కాగితాన్ని ఒక్కసారే చదివి మడిచి పెట్టాను. పిల్లను దగ్గరకు తీసుకుందామని చేతులు చాపితే వస్తుంది, నవ్వుతూనే వస్తుంది. ఒక చెయ్యి మాత్రం ముందుగా డొక్క మీద పెట్టుకుంటుంది.