సిబ్తైన్ సాహెబ్ నైరాశ్యం

నవలాకారుడు సిబ్తైన్ సాహెబ్‌కి లాహోర్ నగరంలో ఉన్న ఏకైక ఖ్యాతి నిరాశ. "కులాసాయేనా?" అని అడిగితే, "ఇంకా పోలేదు, ఏం చేయమంటావు?" అనేవాడు. ఆయన రాసిన ఆరు నవలలకీ ముందుమాట ఒక్కటే: చదివేవాళ్లు అంతరించారు కనుక ఇదే నా ఆఖరి పుస్తకం. మేనల్లుడి పెళ్లిలో వరుడి చేయి పట్టుకుని, "ధైర్యంగా ఉండు నాయనా" అన్నాడు.

అలాంటి మనిషిని తన తొలి నవల ఆవిష్కరణకి పిలిచింది సాహీవాల్ ఊరి పంతులమ్మ నుదరత్. అభిమానం కొద్దీ చేసిన పని.

"శుభమా అని సభ పెట్టుకుని ఆయన్ని పిలుస్తావా తల్లీ?" అని ప్రచురణకర్త ఇర్తిజా తల పట్టుకున్నాడు.

నుదరత్‌కి కావలసింది ఒక్కటే. నాలుగేళ్లు వంటింటి బల్ల మీద రాసిన పుస్తకం ఒక్కరి మనసుకైనా తగిలిందా, లేదా? తగలకపోతే మళ్లీ కలం ముట్టకూడదని ఒట్టు పెట్టుకుంది.

సభ పద్ధతి ప్రకారమే సాగింది. అంటే వక్తలు వరసగా లేచి, ఇంటి దగ్గర రాసుకొచ్చిన ప్రశంసలు కాగితం చూసి చదివారు. ఒక ప్రొఫెసర్ గారైతే గద్గద స్వరంతో, "ఈ నవలలోని మలికా! ఆ సిగ్గు, ఆ ఓర్పు! మన ఆడపడుచులంతా ఆమె అడుగుజాడల్లో నడవాలి" అన్నారు. చప్పట్లు మోగాయి. నుదరత్ తల దించుకుంది.

మలికా గేదె.

చివర సిబ్తైన్ సాహెబ్ లేచాడు. "ప్రొఫెసర్ గారు మెచ్చిన ఆ ఇల్లాలు నలభయ్యో పేజీలో తౌడు తింటుంది. నవల మొత్తంలో కాస్త సారమున్నది ఆ తౌడే. డెబ్బై రెండో పేజీలో పోయిన తాతగారు తొంభయ్యో పేజీలో టీ అడుగుతారు. మూడో అధ్యాయం అనవసరం. ఏడోది నేరం. ఉర్దూ నవల ఎప్పుడో పోయింది, ఈ అమ్మాయి వచ్చి ఖననం తొందరపెట్టింది."

ఇలా గంటసేపు, పేజీ నంబర్లతో సహా.

సభ ముగిశాక నుదరత్ మెట్ల మీద ఆయన్ని నిలదీసింది, కళ్లు తుడుచుకుంటూనే. "అంత చెత్తని ఎందుకు చదివారు సాహెబ్?"

"రెండోసారికైనా బాగుపడుతుందేమోనని."

"రెండుసార్లు చదివారా?"

"మూడు." సంచిలోంచి పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అట్ట ఊడింది. అంచుల నిండా పెన్సిల్ రాతలు. మిగతా వక్తల ప్రతులు వేదిక మీదే ఉండిపోయాయి, చుట్టిన రిబ్బన్‌తో సహా.

"గేదె ఈనిన చోట మాత్రం తప్పంతా నీదే బేటీ. అక్కడ నాకు బతుకు మీద కాసేపు ఆశ కలిగింది. ఈ వయసులో అలాంటివి నాకు పడవు. రెండు రోజులు తిండి సయించలేదు."

నుదరత్ ముక్కు చీదింది. "అయితే రెండోది రాయొద్దంటారా?"

"నెమ్మదిగా రాయి. దాన్ని చదివి తిట్టేదాకా నేను పోవడానికి వీల్లేదు."

ఆయనకి అప్పటికే డెబ్బై ఎనిమిది. నుదరత్ వేళ్ల మీద ఏదో లెక్క వేసి, "పదేళ్లు పడుతుంది సాహెబ్" అంది.

"చూశావా, ఈ తరం సోమరితనం!" అని నిట్టూరుస్తూ, ఆయన మెట్లు ఒక్కొక్కటే జాగ్రత్తగా దిగాడు.