రోజుకు ఒక్క క్లాసు

2012లో నేను నారాయణగూడలో ఒక ఈఎన్‌టీ డాక్టరుగారి క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. మాట ఆలస్యమైన పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలు వచ్చేవారు. వీళ్లకు తోడు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మాస్టార్లు కూడా.

యాదగిరిగారు అలాంటివారే. పోటీ పరీక్షలకు చరిత్ర చెప్పేవారు. నలభై ఏళ్లుంటాయి. ఆయన స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ ఉన్నాయి. అంటే, ఎక్కువ పనిచేసిన చేతికి కాయలు కాసినట్టు గొంతులో వచ్చే చిన్న బుడిపెలు. మాట గాలిలా వస్తోంది.

"రోజుకు ఎన్ని గంటలు చెప్తారు?"

"పొద్దుగాల ఆరింటికి షురూ చేస్తే రాత్రి ఎనిమిదైతది మేడం."

"ఆదివారం?"

"ఆదివారం డౌట్లు చెప్త."

పక్కన కూర్చున్న ఆయన భార్య సుజాత అందుకుంది. "సర్కారు కొలువు ఇడిచిపెట్టిండు మేడం, గీ పాఠాల కోసం. వేరేటోళ్లకు కొలువులు రావాలని ఈయన చెప్తడు. ఇంట్ల నాతోని మాట్లాడనీకి గొంతు మిగిలితే గదా!"

ఆయన తల వంచుకుని గుసగుసగా అన్నారు. "ఆఫీసుల కూసుంటే పొద్దు పోకపోతుండె. క్లాసుల నిలబడితే ఆకలి గూడ యాదికి రాదు."

నాకు అంతా స్పష్టంగా కనిపించింది. మనిషి పని పిచ్చిలో పడి ఇల్లు మరిచిపోయాడు. రెండు వారాలు మౌనం, ఆపైన గొంతు వ్యాయామాలు, రోజుకు ఒక్క క్లాసు మాత్రమే అని రాసిచ్చాను. ఆయన తు.చ. తప్పకుండా పాటించారు. మూడు నెలల్లో బుడిపెలు కరిగాయి, స్వరం తేటపడింది. నా వైద్యం ఫలించిందని సంబరపడ్డాను.

తర్వాతి వారం సుజాత ఒక్కతే వచ్చింది.

"గొంతు మంచిగైంది మేడం. మనిషే మంచిగ లేడు."

"ఏమైంది?"

"పొద్దుగాల ఒక్క క్లాసు చెప్పి తొమ్మిదింటికే చిక్కడపల్లి ఇంటికొస్తడు. కూరగాయలకు రమ్మంటే వస్తడు, గుడికి పోదామంటే వస్తడు. గని క్లాసు టైమైతే గడియారం దిక్కే చూస్తడు. అప్పుడు అలిసిపోయి వస్తుండె, గని నవ్వుకుంట వస్తుండె. ఇంట్ల ఉండాలని నేనే గదా కొట్లాడింది? ఇప్పుడు ఏం అడగాల్నో నాకే సమజైతలేదు."

నిజం చెప్పాలంటే ఈ ఉద్యోగం నేను ఇష్టపడి ఎంచుకున్నది కాదు. ఐదింటికల్లా ఇంటికి వెళ్లొచ్చని చేరాను. నాకు నప్పిన జీవితాన్నే మందుచీటీ మీద ఆయనకు రాసిచ్చానా? లేక గొంతు కాపాడటమే నా పని, మిగతాది నాకెందుకు అనుకోవాలా? ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఇద్దరినీ కలిపి పిలిచాను. "మీకేం కావాలి సార్?" అని మొదటిసారి అడిగాను.

ఆయన సుజాత వైపు చూసి అన్నారు. "అప్పుడు పానం పోతుండె మేడం. ఇప్పుడు పానం ఉంది, దాంతోని ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు."

చివరికి మూడు క్లాసులకు ఒప్పుకున్నాం. క్లాసులో పిల్లలకు దూరమైపోతానని ఆయన అంతవరకూ వద్దన్న కాలర్ మైకు పెట్టుకోవాలి. ఆదివారం సుజాతది. "గొంతు మళ్లీ పోతే?" అని అడిగాను. "పోతే మళ్ల మీ దగ్గరికే తీస్కొస్త," అంది ఆమె.

2014లో తీసుకొచ్చింది. బుడిపెలు మళ్లీ సన్నగా మొలుస్తున్నాయి. "ఎన్ని క్లాసులు?" అన్నాను. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా నాలుగు వేళ్లు చూపించారు. నేను కోప్పడబోయాను. అప్పటికే సుజాత నవ్వుతోంది, ఆయనా నవ్వుతున్నారు. ఆ గదిలో అయోమయంలో మిగిలింది నేనొక్కదాన్నే.

సరైన లెక్క మూడో నాలుగో నాకిప్పటికీ తెలియదు. కానీ మాట తగ్గించమని ఎవరికైనా చెప్పేముందు, మిగిలే గంటల్లో ఏం చేస్తారని అడుగుతాను. జవాబు విన్నాకే కలం తీస్తాను.