మద్రాసులో దిగే చోటు

మా చిన్నప్పుడు... చిన్నప్పుడంటే, నేను పెళ్ళై కోయిలకుంట్ల పక్క పల్లెకు కోడలిగా వచ్చిన కొత్త. ఒకరోజు పొద్దున్నే మా ఇంటి పంచలో మద్రాసు గురించి పెద్ద చర్చ. నేను తలుపు చాటున కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ విన్నాను.

మా అత్తకు కళ్ళు మసకలు కమ్మాయి. మద్రాసు కంటి ఆసుపత్రిలో చూపిస్తానని మా ఆయన అన్నాడు. అప్పటికి కర్నూలే రాజధాని... అయినా మావాళ్ళకు పెద్ద ఊరంటే మద్రాసే.

అక్కడ దిగేదెక్కడ? అదీ అసలు చిక్కు. మాకు ఊరికి పోవడమంటే చుట్టాలింటికి పోవడం... లేదంటే మహానందిలో మాదిరి సత్రం. పరాయి గది అద్దెకు తీసుకుని పడుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

మా వీధిలో మద్రాసు చూసిన మనిషి పక్కింటి కాసిం సాహెబు ఒక్కడే. పత్తి వ్యాపారం ఆయనది. ఆయన్ను పిలిపించారు.

"స్టేషను కాడ సత్రం ఉండాది సుబ్బక్కా. గానీ జనం శానా. ఒకర్నొకరు తొక్కుకుంటాంటారు" అన్నాడు.

"వద్దప్పా. కండ్ల కోసరం పోయి కాళ్ళు ఇరగ్గొట్టుకోవాల్నా?" అంది మా అత్త.

"మా పెద్దమ్మ మనవడు ఆడే ఉండాడు గదా" అన్నాడు మా మామ.

"వానింటికా! వాని పెండ్లికి మనం పోలేదని ఇప్పటికీ దెప్పుతాండాడు. ఆ మాటలు తినుకుంటా నేనుండను."

"అయితే హోటలే గతి. మేడ మీద గది. కరెంటు దీపం. తలకాయ మీద పంకా తిరుగుతాంటాది" అన్నాడు సాహెబు.

"ఊడి మీద పడితే?"

"పడదు లేక్కా."

"ఎవురెవురో పండుకోని పోయిన మంచం గదప్పా అది..."

"నీ బొంత నువ్వు ఎత్తుకపో. ఎవురొద్దన్యారు?"

మా అత్త మెత్తబడింది. నేను ఒలవడం మరిచిపోయాను. మేడ మీద గది... మీట నొక్కితే దీపం... సముద్రం కూడా ఉందట! నేను పుట్టి బుద్ధెరిగి జమ్మలమడుగు దాటలేదు. కానీ నా పేరు ఎవరూ ఎత్తడం లేదు. మామగారి ముందు కోడలు నోరు విప్పే ఆనవాయితీ మా ఇంట్లో లేదు.

"సరే, తల్లీకొడుకులు పోయిరాండి" అని మా మామ కండువా దులిపి లేచాడు.

ఇంక అయిపోయినట్టే అనుకున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం... తలుపు చాటు నుంచే అన్నాను.

"అత్తా... ఆడ మీకు నీళ్ళు ఎవురు చేదిపోస్తారు?"

అందరూ తలుపు వైపు తిరిగారు. మా ఊరి బావి నీళ్ళు ఉప్పు. ఎండాకాలం వంకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా కాచుకుని, చిప్పతో బిందెలోకి తోడుకోవాలి. ఆ ఇంట్లో నీళ్ళ పని నాదే.

"నేనొస్తే... యాడున్యా పోయి తెచ్చిస్తా."

సాహెబు మీసం సవరించుకుని, నేల చూస్తూ, "కోడలు పిల్ల చెప్పింది నిజమే సుబ్బక్కా. మేడ మీదికి నీళ్ళు మోయల్లంటే మనిషి కావల్ల" అన్నాడు.

"అయితే ఆయమ్మిని గూడా పిలుచుకోని పోండి" అన్నాడు మా మామ.

జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొంతలు... వాటితో పాటు ఒక ఇత్తడి బిందె, బొక్కెన, చేంతాడు కూడా మూట కట్టాను. "బావి తవ్వను పోతాండామా ఏంది?" అని మా ఆయన నవ్వాడు. పాపం, ఆయనా అంతకుముందు మద్రాసు చూడలేదు.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. మద్రాసులో దిగితే... అంతమంది మనుషులు ఒక్కచోట! నేను మా అత్త చేయి పట్టుకున్నానా, ఆమె నా చేయి పట్టుకుందా, ఇప్పటికీ తెలీదు.

గదిలో మూటలు దించి, బిందె తీసి, "బావి యాడప్పా?" అని హోటలు మనిషిని అడిగాను. ఆయన పక్క తలుపు తెరిచి గోడకున్న కొళాయి తిప్పాడు.

నీళ్ళు... గోడలో నుంచి నీళ్ళు! అదీ మేడ మీద. ఎవరు మోశారు? ఎట్లా ఎక్కాయి? ఆగిపోతాయేమోనని గబగబా బిందె నింపాను. బొక్కెన నింపాను. చెంబులు, రొట్టెల గిన్నె కూడా... అయినా వస్తూనే ఉన్నాయి. మా ఆయన వచ్చి కొళాయి కట్టేశాడు.

"అయిపోయినాయా?" అన్నాను భయంగా.

ఆయన మళ్ళీ తిప్పాడు. మళ్ళీ వచ్చాయి.

"ఏందే ఆ సప్పుడు? వాన పడతాందా?" అంది మా అత్త. ఆమెను నడిపించుకుని పోయి, చేయి ధార కింద పెట్టాను. ఆమె చేయి తీయలేదు. "ఎవురివే ఇన్ని నీళ్ళు?" అంది మెల్లగా.

అప్పుడు తట్టింది నాకు. నీళ్ళకని కదా నన్ను తెచ్చింది... ఇక్కడ నాకేం పని?

మా అత్తకూ అదే తోచినట్టుంది. "ఈ సంగతి ఆ కాసిముకు తెలీదా?" అంది. మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. "తెలిసే అన్యాడు ఆ సాయిబు!" అని ఆమె కూడా నవ్వింది. నేను తల వంచుకున్నాను.

"ఏమ్మే, నీకు ఈడ పని ల్యాకపాయ గదా. పో, వానితో పోయి సముద్రం సూసిరా. నాకెట్లా కండ్లు ఆనవు... సూసొచ్చి చెప్పు."

ఆ సాయంత్రం సముద్రం చూశాను. గదికి వచ్చాక మా అత్త పక్కన నేల మీద కూర్చున్నాను. "అత్తా... అంతా నీళ్ళే. అవతల గట్టే లేదు" అన్నాను. "ఏ రంగు? సప్పుడు ఎట్ల చేస్తాంది?" అని ఆమె అడుగుతూనే ఉంది... నేను చెబుతూనే ఉన్నాను. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇప్పుడు మా మనవరాలు మంచం మీద నుంచి లేవకుండానే హోటలు గది వెతుకుతుంది. గది, కిటికీ, కిటికీలో నుంచి కనిపించే సముద్రం... అన్నీ ఫోనులోనే. మంచిదే. కాకపోతే పోకముందే అందరూ అన్నీ చూసేస్తున్నారు... చూసొచ్చి చెప్పమని ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

పెద్ద ఊరు మొదటిసారి చూసొచ్చిన రోజు, మీరు ఎవరి పక్కన కూర్చుని చెప్పారు?