కోళ్ళతో ఒక భాష, కూతురితో ఒక భాష

సోజిగ్‌కు అరవై మూడేళ్ళు. తన చిన్న కారులో యాత్రికులను ఫ్రెంచి దేశపు పడమటి కొసనున్న పెన్‌మార్ తీరమంతా తిప్పి, రెండు గంటల్లో నాలుగు వందల ఏళ్ళ చరిత్ర చెప్పి దించేస్తుంది. ముగ్గురికి మించి ఎక్కించుకోదు. గుంపులంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఆ రోజు, ఎప్పుడూ తల్లికి తోడుండే పక్కింటావిడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తొంభై ఏళ్ళ తల్లిని ఒంటరిగా వదల్లేక సోజిగ్ ముందు సీట్లో కూర్చోబెట్టుకుంది. వెనక సీట్లో లియోన్ నగరం నుంచి వచ్చిన మదామ్ వెర్నే, ఆమె ఒళ్ళో బిస్కోత్ అనే బుజ్జి కుక్క.

శిఖరం లేని చర్చి దగ్గర కారాపి, సోజిగ్ ఎప్పటి కథే ఎత్తుకుంది. రైతులు పన్నుల మీద తిరగబడ్డారు, రాజుకు కోపం వచ్చింది, గోపుర శిఖరం కూల్పించాడు.

"చూసొచ్చినట్టే చెబుతావే!" అంది తల్లి కొరాంతిన్. "ఆ రాజు నీకేమన్నా మేనమామా?"

మదామ్ వెర్నే పకపకా నవ్వింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సోజిగ్‌కు ఎప్పుడో తెలుసు. పట్టించుకోకుండా కారు ముందుకు పోనిచ్చింది.

ఆమె మనసులో ముల్లు వేరే ఉంది. కొరాంతిన్ పుట్టి పెరిగిన భాష బ్రెతోన్, ఆ తీరపు పల్లెల సొంత మాట. మొగుడితో బ్రెతోన్, ఆవుతో బ్రెతోన్, కోళ్ళతో బ్రెతోన్. కూతురితో మాత్రం వచ్చీరాని ఫ్రెంచి. ఎందుకంటే కొరాంతిన్ చిన్నప్పుడు, ఫ్రెంచి తప్ప మాట్లాడనివ్వని బడిలో ఒక్క బ్రెతోన్ మాట దొర్లిందని పంతులు ఆమె మెడలో పాత చెక్క చెప్పు కట్టి, సాయంత్రం దాకా గోడ పక్కన నిలబెట్టాడు. ఆ సిగ్గు తన బిడ్డకు వద్దనుకుంది. పిల్ల మేలు కోరే చేసింది, కాదనలేం. కానీ ఆ పిల్ల కోళ్ళగూడు వెనక దాక్కుని, తల్లి కోళ్ళను ముద్దు చేసే మాటలు దొంగచాటుగా వింటూ పెరిగింది. తాను కోడిపెట్టనైనా కాకపోతినే అని ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

నలభయ్యో ఏట సోజిగ్ సాయంత్రం తరగతుల్లో చేరి ఆ భాష నేర్చుకుంది. వారం రోజులు వల్లెవేసి తల్లికి నాలుగు వాక్యాలు అప్పజెప్పింది. కొరాంతిన్ శ్రద్ధగా విని, ఫ్రెంచిలో అడిగింది: "ఇది ఏ దేశం మాటే? రేడియోలో వాళ్ళలా ఉంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

మళ్ళీ సోజిగ్ ఆ ప్రయత్నం చేయలేదు. అమ్మ నోట ఆ భాషలో తనకంటూ ఒక్క మాట పడాలన్న ఆశ మాత్రం చావలేదు. తొంభై ఏళ్ళ మనిషి. ఇంకెన్నాళ్ళుంటుంది?

చివరి మజిలీ సముద్రం ఒడ్డునున్న చిన్న ప్రార్థనాలయం. మదామ్ వెర్నే కుక్కను వీళ్ళకు అప్పగించి ఫొటోల కోసం లోపలికి వెళ్ళింది. కొరాంతిన్ బల్ల మీద కూర్చుంది. కుక్క వచ్చి ఆమె మోకాలికి తల ఆనించింది.

"రావే నా చిట్టితల్లీ, చలేస్తోందా?" అంది ముసలామె, అచ్చ బ్రెతోన్‌లో.

సోజిగ్ గిరుక్కున తిరిగింది. ఎవరిదో పరాయి కుక్కకు రెండు గంటల్లో దక్కిన మాట!

"కుక్కతో మాట్లాడతావు. నాతో ఎందుకు మాట్లాడవమ్మా?"

"దానికి బడికెళ్ళే పని లేదుగా," అంది తల్లి ఫ్రెంచిలో.

"నాకు మాత్రం ఉందా? అరవై మూడేళ్ళొచ్చాయి. ఇప్పుడు నా మెడలో చెప్పు ఎవడు కడతాడు?"

కొరాంతిన్ కూతురి ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. "గాలి ఎక్కువగా..." ఫ్రెంచే వచ్చింది. విసుక్కుని మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ ఫ్రెంచే.

"రావట్లేదే. నీ మొహం చూస్తే నోరు అటే తిరుగుతోంది. నేనేం చేసేది?"

"పోనీ నన్ను చూడకు. దాన్ని చూసి చెప్పు."

ముసలామె కుక్క వైపు తిరిగింది. దాని చెవి నిమురుతూ బ్రెతోన్‌లో అంది: "చూశావటే బుజ్జీ, ఈ పిల్లని? పొద్దున్నుంచీ ఊరంతా తిప్పుతూ వాగుతూనే ఉంది. ఒక్క రొట్టెముక్క తినలేదు. చిన్నప్పుడూ ఇంతే. జ్వరమొచ్చినా చెప్పేది కాదు, నా బంగారు కొండ..."

సోజిగ్ కదల్లేదు. కదిలితే అమ్మ ఆపేస్తుందని భయం. మదామ్ వెర్నే బయటికొచ్చి, "రెండు గంటలూ అయిపోయినట్టున్నాయే?" అంది. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి సోజిగ్ అతిథి వైపు చూడకుండానే, ఆగమని చెయ్యి చూపింది.